కుక్కర్ రాసిన వీలునామా

లిఫ్టుల కంపెనీలో అతన్ని అందరూ కుక్కర్ అనేవాళ్లు. చాటుగా కాదు, మొహం మీదే. మొదటి విజిల్ అంటే గొంతు సవరించుకోవడం, రెండోది అంటే చేతిలో పానా కింద పెట్టడం, మూడోది వచ్చిందంటే ఆ అంతస్తులో ఉన్నవాళ్లు మెట్లు ఎటున్నాయో చూసుకోవాల్సిందే. ఆ పేరు పెట్టింది పొడుగు. అతనితో పాటే ఉద్యోగంలో చేరి, అతనితో పాటే జుట్టు నెరిసిన జోడీ మెకానిక్. పేరు మీద కూడా కుక్కర్‌కి కోపమే. అయినా పలికేవాడు. పలకక ఏం చేస్తాడు, సొంత పేరు గుర్తున్నవాళ్లు జీతాల సెక్షన్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అతని కోపానికి కారణాలు లేవని కాదు. లిఫ్టు తలుపుకి కాలు అడ్డం పెట్టి ఫోన్లో ముచ్చట్లాడే మనిషిని చూస్తే ఎవరికి మండదు? బొత్తాన్ని ఒకసారి నొక్కితే చాలదన్నట్టు పొడుస్తూనే ఉండేవాళ్లని, సిమెంటు బస్తాలు ఎక్కించి లిఫ్టు మూలుగుతోంది వచ్చి చూడమని ఫోన్ చేసేవాళ్లని ఏమనాలి? అనాల్సింది అనేవాడు కుక్కర్. వాళ్లు కంపెనీకి ఫిర్యాదు చేసేవాళ్లు. ఆఫీసరు పిలిచి మందలిస్తే ఆఫీసరుకీ నాలుగు అంటించి వచ్చేవాడు. పనిలో వేలెత్తి చూపడానికి లేదు కాబట్టి ఉద్యోగం నిలిచింది.

కాపురమే నిలవలేదు. చెయ్యి ఎత్తింది లేదు, తాగింది లేదు, అన్నీ అరుపులే. కూర చల్లారితే అరుపు, కిటికీ రెక్క కొట్టుకుంటే అరుపు, అరవకుండా చెప్పొచ్చు కదా అంటే దానికింకో అరుపు. భార్య ఆస్పత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. పగలంతా అక్కడ యంత్రాల మోత, ఇంటికొస్తే ఇతని మోత. నీతో బతకడమంటే ఎప్పుడు కూస్తుందా అని పొయ్యి పక్కన కూర్చోవడమే అని ఒకరోజు చెప్పేసి, విడాకులు అడిగి తీసుకుంది. కోర్టులో కూడా అరిచి జడ్జీ చేత చీవాట్లు తిన్నాడు.

పిల్లలు ముగ్గురు. పెద్దది, నడిపివాడు, చిన్నది. పెద్దది అతనికి పుట్టిన పిల్ల కాదు. ఆవిడ మొదటి భర్త ఆ పిల్లకి ఏడాది నిండకముందే జబ్బు చేసి పోయాడు. కుక్కర్ ఆవిడని చేసుకున్న కొత్తలో, రెండేళ్ల ఆ పిల్ల అతని పనిముట్ల సంచిలో దూరి కూర్చుని స్క్రూ ఒకటి నోట్లో వేసుకుంది. అతను దవడ నొక్కి స్క్రూ బయటికి తీసి, అరవబోయి చూస్తే, అది నవ్వుతోంది. ఆ రోజుతో అది అతని పిల్ల అయిపోయింది. దత్తత కాగితాలు రాయించుకోమని అప్పట్లో ఎవరో మంచికే చెబితే ఒంటికాలి మీద లేచాడు. నా ఇంట్లో, నా కంచంలో చెయ్యి పెట్టి తినే పిల్లని నేను దత్తత తీసుకోవడమేమిటి, మీ పిల్లల్ని మీరు తీసుకున్నారా అని నిలదీశాడు. చెప్పినవాళ్లు నోరు మూసుకున్నారు. నోరు మూయించడంలో ఆ మనిషిని మించినవాడు లేడు. దాని ఫలితమే ఈ కథంతా.

విడాకుల కాగితంలో ఆదివారాలు ఇద్దరు పిల్లల్ని తండ్రి దగ్గరికి పంపాలని రాశారు. కుక్కర్ ఆదివారం పొద్దున్నే వెళ్లి ఆవిడ ఇంటి కింద నిలబడి ముగ్గురికీ కేక వేసేవాడు. ఆవిడ అడ్డం చెప్పలేదు. ముగ్గురూ దిగి వచ్చేవాళ్లు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. విడాకులప్పటికి పద్నాలుగేళ్ల పెద్దది ఇప్పుడు కోర్టు ఎదురు వీధిలో దస్తావేజులు టైపు చేసే దుకాణంలో ఉద్యోగం చేస్తోంది. మిగతా ఇద్దరూ ఇంకా చదువుల్లో ఉన్నారు.

ఇక అసలు సంగతికి రావాలంటే లిఫ్టు మెకానిక్కుల కట్టుబాట్లు రెండు చెప్పాలి. ఒకటి, లిఫ్టు గుంటలోకి, అంటే లిఫ్టు పైకీ కిందికీ తిరిగే బావిలోకి, దిగేవాడు మెయిన్ స్విచ్ ఆపి దాని మీద తన ట్యాగు తగిలించాలి. ఎవరు తగిలించిన ట్యాగు వాళ్లే తియ్యాలి. కంపెనీ యజమాని వచ్చినా ముట్టుకోవడానికి వీల్లేదు. రెండోది, దిగే ముందు పని కార్డు మీద దిగేవాడు సంతకం పెడతాడు, దాని కింద స్విచ్ దగ్గర కాపలా నిలబడేవాడు పెడతాడు. ఆ కింది సంతకం ఎవరితో పడితే వాళ్లతో పెట్టించరు. నా ప్రాణం నీ చేతిలో పెట్టి దిగుతున్నానని దాని అర్థం. కుక్కర్ కార్డుల మీద ఎప్పుడూ పొడుగు సంతకమే ఉండేది.

కంపెనీ వాళ్లు ఎర్ర అక్షరాలు అచ్చువేసిన ట్యాగులు ఇస్తారు. కుక్కర్ మాత్రం ఒక రేకు ముక్క వాడేవాడు. పెద్దదానికి ఎనిమిదేళ్లప్పుడు, నువ్వు లోపల ఉన్నావని వాళ్లకెలా తెలుస్తుంది అని అడిగి, బిస్కెట్ డబ్బా మూత మీద నీలం రంగుతో తనే రాసిచ్చింది: నాన్న లోపల ఉన్నాడు, స్విచ్ వెయ్యొద్దు. 'స్విచ్' అన్న మాట చోటు చాలక అంచు మీదికి ఎక్కింది. దాన్ని చూసి అందరూ నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లకి విజిల్ వినిపించేది. రంగు వెలిసినప్పుడల్లా అతనే ఆ గీతల మీద మళ్లీ రంగు దిద్దుకునేవాడు.

ఆ రేకు ముక్కే కొంప ముంచింది. ఒక అయిదంతస్తుల భవనంలో క్యాబిన్ నెత్తి మీద కూర్చుని తలుపు మోటారు విప్పుతున్నాడు. పొడుగు సామాను కోసం వ్యాను దగ్గరికి వెళ్లాడు. రెండో అంతస్తులో అద్దెకున్న పెద్దమనిషి ఒకాయన, కొత్త ఫ్రిజ్ వచ్చిందన్న తొందరలో, ఈ రాత చూసి ఎవరో పిల్లలు ఆడుకుని వదిలేశారనుకుని, రేకు తీసి పక్కన పెట్టి స్విచ్ వేశాడు. క్యాబిన్ కదిలింది. కుక్కర్ పక్కకి దొర్లబట్టి బతికాడు. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి మోసుకుపోతుంటే ఆ పెద్దమనిషిని అతను తిట్టిన తిట్లు అయిదంతస్తుల్లోనూ వినిపించాయని పొడుగు ఇప్పటికీ చెబుతాడు.

ఆఫీసరు ఆస్పత్రికి వచ్చి, ఇక ఆ రేకు వాడితే ఉద్యోగం ఊడుతుందని చెప్పి పోయాడు. కుక్కర్ మొదటిసారి ఎదురు చెప్పలేదు. తల లోపల ఇంకేదో తిరుగుతోంది. తను ఆ రోజు పోయుంటే ఏమయ్యేది? ఆస్తంటూ ఉన్నది నాలుగో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. లిఫ్టు మెకానిక్ ఇంటికి లిఫ్టు లేదు, అదొక కోపం. అయినా అది తన రెక్కల కష్టం. పోయుంటే ఆ ఫ్లాటు నడిపివాడికీ చిన్నదానికీ వెళ్లేది. పెద్దది తలుపు బయట చెప్పులు విప్పి, లోపలికి రావచ్చా అని తమ్ముణ్ణి అడగాల్సి వచ్చేది. ఆ ఊహ వచ్చేసరికి మంచం మీద నుంచి లేవబోయి విరిగిన భుజం మీద పడ్డాడు.

ఇంటికొచ్చాక కుడిచేత్తో, తనే కూర్చుని వీలునామా రాశాడు. ఫ్లాటు ముగ్గురికీ సమానం అని ముగ్గురి పేర్లూ రాశాడు. సాక్షులు ఇద్దరు కావాలని తెలుసు. ఒకడు పొడుగు. రెండో సాక్షి ఎవరన్నది అతను క్షణం కూడా ఆలోచించలేదు. కింది సంతకం అంటే ప్రాణం చేతిలో పెట్టే సంతకం. నా బతుకు మొత్తానికి ఒక్క కార్డు రాస్తే దాని కింద పెద్దది తప్ప ఇంకెవరు పెడతారు అనుకున్నాడు. ఆదివారం పిలిచి కాగితం చేతిలో పెట్టాడు. అది రెండుసార్లు చదివింది. పెన్ను అడిగి తీసుకుంది. కాసేపు అతని కట్టు వేపు చూసి, కుదురుగా సంతకం పెట్టి ఇచ్చింది. అతనికి గర్వంతో కడుపు నిండిపోయింది. ఆ పూట ఎవరి మీదా అరవలేదు.

భుజం బాగయ్యేదాకా అన్నం పట్టుకొచ్చి పెడుతున్నది అతని అక్క. తల్లి పోయాక ఇతన్ని ఎత్తుకు పెంచిన మనిషి, కాబట్టి లోకంలో అతను గొంతు పెంచని ఒకే ఒక్క మనిషి. ఆవిడకి పెద్దది అంటే మొదటి నుంచీ గిట్టదు. విడాకులప్పుడు సామాను పంచుకుంటుంటే, అది నాన్నా అని ఏదో అడగబోయింది. అక్క అందరి ముందు ఆ మాట నోట్లోనే తుంచేసింది. ఆ ఇద్దరికీ నాన్న, నీకెక్కడి నాన్న, నీకు తేరగా ఫ్లాటు కావాలా అంది. పద్నాలుగేళ్ల పిల్ల. ఆ రోజు నుంచి అతన్ని నాన్న అనలేదు. అంకుల్ అనీ అనలేదు. ఏమీ అనకుండా, ఎదురుగా వచ్చి నిలబడి, అతను చూశాక మాట్లాడటం అలవాటు చేసుకుంది. కుక్కర్‌కి ఇది తెలియదా? తెలుసు. తెలిసి దాన్ని కూడా కోపంలోనే కలిపేసుకుని తిరిగాడు.

సరే, వీలునామా చూపిస్తే అక్క మొహం మాడ్చుకుని వెళ్లింది. మర్నాడు అన్నం గిన్నెతో పాటు నవ్వు మొహం పెట్టుకుని వచ్చింది. ఆవిడ ఇంటి కింది వాటాలో రిటైరైన కోర్టు గుమాస్తా ఉన్నాడు. ఆయన్ని అడిగి వచ్చిందట.

"సాక్షి సంతకం పెట్టినవాళ్లకి ఆ వీలునామాలో చిల్లిగవ్వ రాదురా. చట్టమే అంత. ఇక ఫ్లాటు నీ ఇద్దరు పిల్లలదే. నేను అడ్డుపడక్కర్లేకుండా అదే తన చేత్తో తన వాటా పోగొట్టుకుంది."

కుక్కర్ అన్నం ముందు నుంచి లేచాడు. ముందు తన మీద తనకే వచ్చింది కోపం. పిల్లని నెత్తిన పెట్టుకుందామనుకుని, తన చేత్తోనే వీధిలో పెట్టాడు. ఎవరైనా ఇంత తెలివితక్కువ పని చేస్తారా? లిఫ్టు మెకానిక్ తప్ప ఎవడూ చెయ్యడు. చొక్కా ఒక చేతికే తొడుక్కుని మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు దగ్గర ఇంకో సంగతి తట్టి అక్కడే ఆగిపోయాడు. పెద్దది పొద్దస్తమానం టైపు చేసేది ఈ కాగితాలనే. సాక్షి సంగతి తనకి తెలియదు సరే, దానికి తెలియకుండా ఉంటుందా?

అక్కడి నుంచి తిన్నగా టైపు దుకాణానికి వెళ్లాడు. ఇరుకు గది, రెండు కంప్యూటర్లు, గోడవారన బెంచీ మీద కాగితాలు పట్టుకుని నలుగురు మనుషులు. పెద్దది తల ఎత్తి చూసింది.

"సాక్షి సంతకం పెడితే వాటా పోతుందని నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే పెట్టావా?"

"ఇక్కడ వద్దు, సాయంత్రం ఇంటికొస్తా" అంది. అప్పటికే మూడో విజిల్ దాటిపోయింది. బెంచీ మీద మనుషులు ఒకరి తర్వాత ఒకరు వీధిలోకి వెళ్లి నిలబడ్డారు. దుకాణం యజమాని కూడా, ఏదో పని ఉన్నట్టు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు.

నేను చచ్చాక నా మాట అబద్ధం చెయ్యాలనుకున్నావా అని అడిగాడు కుక్కర్. ముగ్గురూ సమానమని నేను రాస్తే, ముగ్గురూ సమానం కాదని నా కాగితం మీదే సంతకం పెడతావా అన్నాడు. పెద్దది కూడా లేచి నిలబడింది. ఆ పిల్లకి అతని రక్తం లేకపోవచ్చు, అరుపు మాత్రం అచ్చంగా అతనిదే వచ్చింది.

నేనడిగానా నిన్ను ఫ్లాటు, అంది. తొమ్మిదేళ్ల నుంచి అత్త అంటూనే ఉంది, అది ఫ్లాటు కోసమే ఆదివారం ఆదివారం వస్తోందని. ఇప్పుడు తీసుకుంటే ఆవిడ అన్నదే నిజమైపోదా? తమ్ముడూ చెల్లెలూ రేపు పెళ్లిళ్లయ్యాక నన్ను ఏ కళ్లతో చూస్తారు? నాకు ఆదివారాలు చాలు, గదులు వద్దు, అని తెగేసి చెప్పింది.

కుక్కర్ జేబులోంచి రేకు ముక్క తీసి కంప్యూటర్ పక్కన పడేశాడు. ఆఫీసరు వాడొద్దన్నప్పటి నుంచీ అది జేబులోనే ఉంటోంది.

"ఎవరు తగిలించిన ట్యాగు వాళ్లే తియ్యాలి. ఆ కాగితంలో నీ పేరు తగిలించింది నేను. తియ్యడానికి నువ్వెవరు?"

పెద్దది దాని వేపు చూసి మొహం తిప్పుకుంది. అతను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగితే కుక్కర్ ఎలా అవుతాడు? తొమ్మిదేళ్లయింది నీ నోటితో నన్ను ఏదో ఒకటి అని పిలిచి, వీధిలో పోయేవాణ్ణయినా ఏమండీ అంటారు, నాకు ఆ పాటి కూడా లేదా అని, ఇన్నేళ్లూ మింగినదంతా ఒక్కసారి కక్కేశాడు.

అప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గించింది.

"పిలిచాను కదా. పిలిచినప్పుడే అత్త ఆ మాట అంది. నువ్వు అక్కడే ఉన్నావ్, బీరువా పట్టుకుని నిలబడి ఉన్నావ్. కూర చల్లారితే అరుస్తావ్, కిటికీ కొట్టుకుంటే అరుస్తావ్. ఆ రోజు నీ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఒక్కటంటే ఒక్కటి."

నిజమే. బీరువా పట్టుకుని నిలబడ్డాడు. అక్క మాట విన్నాడు. పిల్ల మొహం చూశాడు. ఎత్తుకు పెంచిన మనిషి కదా అని నోరు మూసుకుని బీరువా మోసుకుంటూ మెట్లు దిగాడు. ఆ రోజు రావాల్సిన కోపం రాకుండా, తర్వాత తొమ్మిదేళ్లూ కనిపించిన ప్రతివాడి మీదా వచ్చింది. రేకు ముక్క అక్కడే వదిలేసి బయటికి వచ్చాడు. వీధిలో నిలబడ్డవాళ్లు దారి ఇచ్చారు.

సాయంత్రం అక్క అన్నం తెచ్చింది. అతను గిన్నె అందుకోలేదు. అరవనూ లేదు. కూర్చోబెట్టి, పక్కింటివాళ్లకి వినపడనంత నెమ్మదిగా మాట్లాడాడు. ఆ నెమ్మదికి ఆవిడ గిన్నె కింద పెట్టేసింది.

"అక్కా, పెద్దది నా కూతురు. దానికి నేను నాన్నని కానని ఇంకొక్కసారి నీ నోటి నుంచి వింటే, నీ చేతి అన్నం నాకొద్దు. ఈ మాట ఆ రోజే అనాల్సింది. అనలేదు. అందుకు నీ మీద లేదు కోపం, నా మీదే ఉంది."

ఆవిడ ఏడ్చింది, పెంచిన రుణం ఇలా తీరుస్తున్నావా అంది, గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. వారం రోజులు రాలేదు. కుక్కర్ ఒంటి చేత్తో కూరగాయలు తరగబోయి, వల్లగాక రొట్టె కొనుక్కుని తిన్నాడు. తర్వాత ఆవిడే మళ్లీ వచ్చింది. పెద్దదాని ఊసు మాత్రం ఎత్తలేదు.

అత్త ఏడుస్తూ చెబితే విని, ఈ సంగతి పెద్దదాని చెవిన వేసింది చిన్నది. ఆ ఆదివారం పెద్దది వచ్చి, ఎప్పటిలాగే ఎదురుగా నిలబడి, అతను చూశాక మాట్లాడింది. కొత్త వీలునామా రాయి, నా వాటా రాస్తే తీసుకుంటాను, కానీ ఈసారి వకీలు దగ్గర రాయించాలి, నేను నీకు ఏమవుతానో ఉన్నదున్నట్టు రాయించాలి అంది. ఉన్నదున్నట్టు అంటే ఏమిటో అతనికి అప్పుడు తట్టలేదు. సరేనన్నాడు.

భుజం కూడుకుని పనిలో చేరాక వకీలు దగ్గరికి వెళ్లారు. మూడో అంతస్తులో ఆఫీసు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ వకీలు, కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి. సాక్షులుగా పొడుగు, కంపెనీ వ్యాను డ్రైవరు. రాసిన కాగితాన్ని వకీలు గట్టిగా చదివాడు. నడిపివాడి పేరు, నా కుమారుడు. చిన్నదాని పేరు, నా కుమార్తె. తర్వాత పెద్దదాని పేరు చదివి, నా మాజీ భార్యకు ఆమె మొదటి భర్త వలన కలిగిన కుమార్తె, అన్నాడు.

కుక్కర్ కుర్చీ వెనక్కి పడింది.

"ఏం రాశారు మీరు? మాజీ భార్యట, మొదటి భర్తట. ఆ పిల్లకి జ్వరం వస్తే ఆ మొదటి భర్త లేచాడా? సైకిల్ నేర్పాడా? కొట్టెయ్యండి అది. నా కూతురు అని రాయండి."

వకీలు ఓపికగానే చెప్పాడు. కన్నకూతురని రాస్తే అది అబద్ధం. రేపు ఎవరైనా కోర్టుకెళ్లి, ఎవరి పిల్లో కూడా తెలియని స్థితిలో రాశాడు, మతి సరిగ్గా లేదు అని వాదిస్తే మొత్తం కాగితమే పడిపోవచ్చు. నాకు పుట్టలేదని తెలిసే, నా ఇష్టప్రకారం ఇస్తున్నాను అని రాస్తేనే ఎవరూ వేలు పెట్టలేరు. అప్పుడే దత్తత తీసుకుని ఉంటే ఈ వాక్యంతో పనే లేకపోయేది అని కూడా అన్నాడు పాపం, కుక్కర్ సంగతి తెలియక. పొడుగు ఎందుకైనా మంచిదని బల్ల మీది గాజు గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

కుక్కర్ అరవలేదు. ఏనాడో దత్తత మాట చెప్పినవాళ్ల మొహాలు కళ్లముందు తిరిగాయి. ఎవరి మీద అరవాలి? ఈ పిల్లకి ఇవ్వాలంటే ఈ పిల్ల నాకు పుట్టలేదని తన చేతి సంతకంతో ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఇవ్వలేడు. ఇంతకంటే దిక్కుమాలిన చట్టం ఉంటుందా?

పెద్దది పడిపోయిన కుర్చీ లేపి నిలబెట్టింది. వకీలుతో, అలాగే ఉంచండి, నాకు పుట్టలేదని తెలిసే అన్న మాట కూడా చేర్చండి, ఇలాంటివి నేను రోజూ టైపు చేస్తాను, గట్టిగా ఉండాలంటే అలాగే రాయాలి అంది. తర్వాత అతని వేపు తిరిగి, సంతకం పెట్టు అంది. అతను పెట్టాడు. కాగితం చిరిగిందా అన్నంత గట్టిగా నొక్కి పెట్టాడు. పొడుగూ డ్రైవరూ దాని కింద పెట్టారు. ఆ పిల్ల ఈసారి సంతకం పెట్టలేదు, కిటికీ దగ్గర నిలబడి వీధి చూసింది.

అందరూ బయటికొచ్చి లిఫ్టు బొత్తాం నొక్కితే లిఫ్టు రాలేదు. మూడో అంతస్తుకి కాస్త కిందుగా ఆగి, తలుపు సగం తెరుచుకుని కొట్టుకుంటోంది. కుక్కర్‌కి ఎట్టకేలకు అరవడానికి ఒకటి దొరికింది. ఈ తలుపుని ఇలా చావనిస్తున్నదెవరు అని మెట్లన్నీ దిగుతూ తిట్టాడు. తీరా కింద చూస్తే దాని మీద తమ కంపెనీ పేరే ఉంది. పొడుగు నవ్వాపుకోలేక గోడ వేపు తిరిగాడు. వకీలు కూడా మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి, తిట్టుకుంటూ భోజనానికి పోయాడు. డ్రైవరు కూడా ఎక్కడో తినడానికి వెళ్లాడు.

వ్యానులో పనిముట్లున్నాయి. పొడుగు పైన యంత్రం గదిలో ఉండాలి. కుక్కర్ రెండో అంతస్తు నుంచి గుంటలోకి దిగాలి. మెయిన్ స్విచ్ మాత్రం కింద మీటర్ల బోర్డు పక్కన ఉంది. అతను స్విచ్ ఆపి, ఆఫీసరు చెప్పిన అచ్చు ట్యాగు తగిలించి, పని కార్డు తీసి సంతకం పెట్టాడు. పెట్టి, కార్డు పెద్దదాని ముందుకి చాపాడు. ఇది కంపెనీ ఒప్పుకునే పద్ధతి కాదని పొడుగు గొణిగాడు. ఎవరు వింటారు?

"పెట్టు. ఈ సంతకానికి ఏమీ పోదు."

పెద్దది కార్డు చదివింది. కింది గీత మీద పేరు రాసి తిరిగి ఇచ్చింది. అతను మెట్లెక్కి పైకి వెళ్లాడు. కాసేపటికి గుంటలోంచి సుత్తి చప్పుడు, దానితో పాటు ఎవరినో తిడుతున్న గొంతు వినిపించాయి. ఆ పిల్ల స్విచ్ పెట్టెకి వీపు ఆనించి నిలబడింది.

వకీలు భోజనం చేసి వచ్చాడు. కక్షిదారులు పైన కూర్చుని ఉన్నారట, తొందరగా ఉన్నాడు. బొత్తాం నొక్కాడు, వెలగలేదు. మీటర్ల బోర్డు దగ్గరికి వచ్చి, ఎవరమ్మా ఇది ఆపింది, నా మోకాళ్లు మెట్లెక్కవు, ఒక్క నిమిషం వేసి మళ్లీ ఆపెయ్యొచ్చు కదా అంటూ ఆమె భుజం పక్క నుంచి స్విచ్ మీదికి చెయ్యి చాపాడు. ఆ పిల్ల ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది. పొద్దున తనని మాజీ భార్య మొదటి భర్త కూతురని గట్టిగా చదివిన మనిషి చెయ్యి అది. ఆమె గొంతు మూడంతస్తుల దాకా వెళ్లింది. గుంటలో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"మా నాన్న లోపల ఉన్నాడు. ముట్టుకోవద్దు."